మినికాయ్‌లో ముందు చూడాల్సింది ఎర చేపని

2024 జనవరిలో ప్రధాని వెళ్లొచ్చాక లక్షద్వీప్ మీద అందరి కన్నూ పడింది. రిసార్టులు, విమానాల గురించి బోలెడు చర్చ జరిగింది. పర్యాటకులు ఈత కొట్టే లగూన్, అంటే పగడపు దిబ్బ లోపలి నిశ్చలమైన సముద్రపు నీటి మీద ఎవరి బతుకు ఆధారపడి ఉందన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు. దక్షిణ కొసన ఉన్న మినికాయ్ దీవికి వెళ్తే దానికి జవాబు దొరుకుతుంది.

ఇక్కడి జాలర్లు ట్యూనాకి వల వేయరు, గెడకు కట్టిన గాలంతో పడతారు. కానీ పని మొదలయ్యేది లగూన్‌లోనే. పడవ బయటి సముద్రంలోకి వెళ్లేముందు, లోతు తక్కువ నీళ్లలో వేలెడంత ఎర చేపల్ని వలతో పట్టి పడవలోని తొట్టిలో ప్రాణంతో ఉంచుతారు. తొట్టి అడుగున కన్నాలుంటాయి, వాటిగుండా సముద్రపు నీరు వచ్చిపోతుంటుంది. తొట్టిలో ఎక్కువ నింపినా, మొరటుగా ముట్టుకున్నా పొలుసు రాలి ఎర చచ్చిపోతుంది. ట్యూనా గుంపు కనపడగానే ఒకరు ఎరను విసురుతారు, ఇంకొకరు నీళ్లు చిమ్ముతారు. చిన్న చేపలు ఎగురుతున్నాయనుకుని స్కిప్‌జాక్ ట్యూనా ఎర గుచ్చని గాలాన్ని కూడా కొరుకుతుంది. గాలానికి వెనక ముల్లు ఉండదు కాబట్టి గెడ విదిలిస్తే చేప పడవలో పడి తనంతట తనే ఊడిపోతుంది. ఎర లేకపోతే, డీజిలున్నా ట్యూనా ఉన్నా వేట లేనట్టే.

పట్టిన చేపలో కొంత ‘మాస్’ అవుతుంది. నిలువు ముక్కలు కోసి, ఉప్పునీట ఉడికించి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెడతారు. మన తీరంలో ఉప్పు పట్టించి ఎండేసే చేపకీ దీనికీ పోలికే లేదు. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది.

ఎర చేపల్లో కొన్ని పగడాల కొమ్మల మధ్యే బతుకుతాయి. 1998, 2010, 2016లలో వేడెక్కిన నీటికి లక్షద్వీప్ పగడాలు పెద్దఎత్తున తెల్లబారాయి, చాలా చచ్చిపోయాయి. మిగిలిన వాటి మీద కాళ్లు పెట్టి నిలబడటం, లంగర్లు దించడం ఎంత నష్టమో పడవల వాళ్లకు తెలుసు. టూర్ అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు.

వెళ్లాలనుకుంటే పర్మిట్ ముందే తీసుకోవాలి, వానాకాలం వదిలేయాలి. ఎర పట్టే పొద్దుటి పూట లగూన్‌లోకి దిగకపోవడం మర్యాద. ఇది పర్యాటకుల మంచితనానికి వదిలేసే విషయం కాదు. ఎర పట్టే చోట్లను జాలర్లతో కూర్చుని పటంలో గుర్తించాలి. ఆ పటం తయారయ్యేదాకా జెట్‌స్కీలకు లైసెన్సు ఇవ్వకూడదు.