మెరైన్‌ఫోర్డ్‌లో చావు, మా ఇంట్లో పరామర్శ

అనంతపురంలో యానిమే, అంటే జపానోళ్ళ బొమ్మల సీరియళ్ళు, చూసేవాళ్ళు ఎవరుంటారులే అనుకునేవాళ్ళు ఆదివారం పొద్దున సప్తగిరి సర్కిల్ పక్క సందులో ఉగ్గాని బండి దగ్గరికి రావాలి. నానబెట్టి పిండిన బొరుగుల్ని పసుపు, ఎర్రగడ్డల తిరగమాతలో వేసి, పైన పుట్నాల పొడి చల్లిన ప్లేటు ఒక చేతిలో పట్టుకొని, ఇంకో చేత్తో మిరపకాయ బజ్జీ గాల్లో ఊపుతూ "నరుటో షిప్పూడెన్ 500 ఎపిసోడ్లలో కథ ఎంత, సొల్లు ఎంత?" అని ఎవరైనా అరుస్తా ఉంటే, అది మా జమాతే.

మాలో ఒకరికొకరికి పడదు. బ్యాంకులో పనిచేసే మా బావ జపాన్ గొంతులు తప్ప వేరేవి చెవిన పడనీయడు, కింద అక్షరాలు చదువుకుంటూ చూస్తాడు. ఇంటర్ చదివే మా మేనల్లుడు తెలుగు డబ్బింగ్ వస్తే చాలు, ఏదైనా చూస్తాడు. సబ్ గొప్పా, డబ్ గొప్పా అనే ఈ పంచాయితీ ఎన్ని ఆదివారాలు విన్నాడో గానీ, బజ్జీలు వేసే ఆయన మాత్రం మేం సబ్బుల ఏజెన్సీ పెట్టి డబ్బు దగ్గర చెడినామనే అనుకున్నాడు. 2025 సెప్టెంబరు 12న డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ తెలుగులో కూడా థియేటర్లకు వచ్చినాక గొడవ ఇంకా ముదిరింది. "ఆ ఏడుపు జపాన్ గొంతులో వినాల్రా" అని బావ. "నువ్వు కింద అక్షరాలు కూడబలుక్కుంటా కూచుంటే, పైన కత్తి ఎవురు దూసినారో చూసేదెప్పుడు మామా?" అని మావాడు. ఈ విషయంలో నేను మావాడి పక్షమే గానీ, బజ్జీల డబ్బులు ఎక్కువసార్లు ఇచ్చేది బావ కాబట్టి పైకి అనను.

మా చిన్నమ్మ కూతురు దంతవైద్యం చదువుతా ఉంది. ఆ పిల్ల ఫ్రీరెన్ పార్టీ. రాక్షసరాజును చంపేసి వీరులంతా ఇల్లు చేరినాక మొదలయ్యే కథ అది. వెయ్యేండ్లు దాటి బతికిన ఎల్ఫ్ ఒకతె, పోయిన స్నేహితుణ్ణి బతికుండగా సరిగ్గా తెలుసుకోలేకపోయినానే అని తిరుగుతా ఉంటుంది. "యుద్ధం అయిపోయినాక ఇంకేం కథ ఉంటాదక్కా?" అని మావాడు నవ్వితే, "కురుక్షేత్రం అయిపోయినాక శాంతిపర్వం ఉండాది. భారతంలో అన్నిటికంటే పెద్ద పర్వం అదే. చదివినావా?" అని నోరు మూయించింది. చదవలేదు. ఆమె కూడా చదవలేదని నాకు అనుమానం.

అటాక్ ఆన్ టైటన్ దగ్గర మాత్రం అందరం ఒక్కటే. 2013లో మొదలై, ఫైనల్ సీజన్ అని 2020 డిసెంబరులో బోర్డు పెట్టి, అందులో మళ్ళీ భాగాలు, ఆ భాగాల్లో మళ్ళీ ముక్కలు చేసి 2023 నవంబరులో తెరదించినారు. ఆ ఫైనల్ మొదలైనప్పుడు ఇంజనీరింగ్‌లో చేరినోడు, అది ముగిసేటప్పటికి ఉద్యోగం వెతుక్కుంటా ఉన్నాడు.

మా జమాతుకు చట్టం ఒక్కటే. ఇంకొకరు చూడని కథను ఎవరైనా బయటపెడితే ఆ వారం ఉగ్గాని, బజ్జీ అందరికీ వాళ్ళే కొనాలి. ఈ చట్టం పుట్టిందే మెడికల్ షాపన్న కోసం. ఆయన వన్ పీస్ చూస్తా ఉన్నాడు. 1999 అక్టోబరులో జపాన్ టీవీలో మొదలైన ఆ సిరీస్ వెయ్యి ఎపిసోడ్లు ఎప్పుడో దాటింది, ఇంకా నడస్తానే ఉంది. ఎపిసోడ్‌కు 24 నిమిషాల లెక్కన వెయ్యికే 400 గంటలు. అన్న లెక్కల మనిషి, రాత్రి షట్టరు దించినాక రోజుకు ఒకటి, పండగైతే రెండు. కథ ముందే తెలిసిపోతుందేమోనని వాట్సాప్ గ్రూపులోంచి బయటికి పోయినాడు, రీల్స్ మానుకున్నాడు. ఆ సిరీస్ హీరో లఫ్ఫీ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకొని ఎవరైనా దగ్గు మందుకు వస్తే, చీటీ చూసి మందు ఇస్తాడు గానీ తల ఎత్తడు. ఆయన 440 దాటినాడు. అంటే ఇంపెల్ డౌన్ జైలు. తన అన్న ఏస్‌ను విడిపించుకునేదానికి లఫ్ఫీ సముద్రం మధ్యలో ఉన్న ఆ జైల్లోకి దూరినాడు. ఆ అన్న గతి ఏమైందో లోకానికంతా తెలుసు, మా మెడికల్ షాపన్నకు తప్ప.

(మీకూ తెలియకపోతే ఇక్కడే ఆపి, 483వ ఎపిసోడ్ చూసి రండి. బజ్జీలు కొనే ఓపిక నాకు లేదు.)

ఆ ఆదివారం నేను మటన్ తేవడానికి పోయినాను. మా అమ్మ తిని పడుకుంది. మావాడు ముందుగదిలో మంచం మీద, చెవులకు హెడ్‌ఫోన్లు, ఒళ్ళో ఫోను. సరిగ్గా 483 దగ్గర ఉన్నాడు. కరివేపాకు కోసం ఎదురింటత్త వచ్చేటప్పటికి తువ్వాలు నోట్లో కుక్కుకొని వెక్కిళ్ళు పెడతా ఉన్నాడంట. తర్వాత ఇద్దరినీ విడివిడిగా విచారించి నేను రాబట్టిన వాంగ్మూలం ఇది.

"ఏమైందిరా సామీ?"

"అన్న పోయినాడత్తా."

"అయ్యో! ఏ అన్న? మీ పెదనాయన కొడుకా, బెంగళూర్లో ఉండేటోడా?"

మావాడు తల ఆడించినాడు. ఔననా, కాదనా అనేది ఇప్పటికీ తేలలేదు. హెడ్‌ఫోన్లు ఇంకా చెవులకే ఉన్నాయి.

"వయసు ఎంతరా?"

"ఇరవై."

"ఎట్ల పోయినాడు?"

"తమ్ముణ్ణి కొట్టబోతే అడ్డం పోయినాడు. ఎదలో నిప్పు దిగిపోయింది. తమ్ముని చేతుల్లోనే…" అని వాడు మళ్ళీ తువ్వాలు నోట్లో పెట్టుకున్నాడు.

"యాడ జరిగింది?"

"మెరైన్‌ఫోర్డ్‌లో."

అత్తకు అది బెంగళూర్లో ఏదో పెద్దాసుపత్రి పేరులాగా తోచింది. అది ఆ కథలో నావికాదళం కోట అని తెలియకపోతే, నిజం చెప్పాలంటే నాకూ అట్లే తోచేది. వరుసగా చూసుకుంటే మావాడు చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఏస్ వయసు ఇరవయ్యే. తమ్ముడి మీదికి వచ్చిన దెబ్బకే అడ్డం పోయినాడు. అకైను అనే నావికాదళ దొర చేతిని లావాగా మార్చి గుద్దితే అది ఎదను చీల్చుకొని బయటికి వచ్చింది. సాక్షి ఇంత కచ్చితంగా చెప్తే ఎవరైనా ఏం చేస్తారు? అత్త కరివేపాకు సంగతి మర్చిపోయి వీధి చివరిదాకా నడిచింది.

అరగంటలో మా గడప ముందర చెప్పులు గుట్ట పడినాయి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరని పక్కింటి వాళ్ళు చారు, ఇంకొకరు పెరుగన్నం, అత్త ఏమో మూడు గిన్నెల క్యారియరు. ఆ అలికిడికి మా అమ్మ నిద్ర లేచి వచ్చింది. హాల్లో ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకొని కూచోనుండారు. ఎవరు పోయినారని అడిగితే బాగుండదని అనుకుందో ఏమో, అమ్మ ముందు ఏడ్చింది. బాగా ఏడ్చినాక, పక్కామె చెవిలో "ఇంతకీ ఎవురు?" అని అడిగిందంట.

మావాడేమో అన్న పోయిన బాధలో, తలుపు దగ్గరికి వేసుకొని 484 పెట్టుకున్నాడు.

అప్పుడు మెడికల్ షాపన్న వచ్చినాడు. అమ్మకు బీపీ మాత్రలు అయిపోయినాయని పొద్దున నేనే ఫోన్ చేసి చెప్పుంటి. చెప్పుల గుట్ట చూసి ఆయనకు విషయం అర్థమైంది. తనూ చెప్పులు విడిచి, మాత్రల కవరు జేబులో దాచుకొని, చేతులు కట్టుకొని ఒక మూల కూచున్నాడు. పరామర్శకు వచ్చినోళ్ళకు పోయినోడి కథ మొదటి నుంచి చెప్పడం ఆనవాయితీ. మావాడు వెక్కిళ్ళ మధ్య చెప్పిందంతా కలిపి అత్త మొదలుపెట్టింది.

"ఇరవై ఏండ్ల పిల్లోడు నాయనా. జైల్లో పెట్టినారంట."

"జైలా?" అన్నాడు అన్న.

"బెంగళూర్లో ఏం జరుగుతాదో మనకేం తెలుస్తాదిలే. తమ్ముడు చూడు, ప్రాణానికి తెగించి జైల్లోకి పోయినాడంట, విడిపించేదానికి."

అన్న ముఖంలో రంగు మారింది.

"సొంత తమ్ముడు కూడా కాదంట. చిన్నప్పుడు సారాయి గిన్నెలు పంచుకొని అన్నదమ్ములమని ఒట్టు పెట్టుకున్నారంట. పదేండ్ల పిల్లోల్లు, సారాయి! ఆ పొద్దే అనుకోవాల్సింది పెద్దోళ్ళు. అంత కష్టపడి విడిపించుకున్నాక, ఆ తమ్ముణ్ణి కాపాడబోయి…"

"అత్తా, ఆపు" అన్నాడు అన్న. గొంతు ఎండిపోయింది. "పేరు. ఆ పిల్లోని పేరేంది?"

"ఏదో ఏసో, ఏసూనో. ముద్దుపేరేమో పాపం."

మెడికల్ షాపన్న లేచి నిలబడినాడు. మళ్ళీ కూచున్నాడు. గోడకు తల ఆనించి "440 ఎపిసోడ్లు… ఇంకొక్క నలభై అయితే నేనే చూసుకునేటోన్ని కదమ్మా" అని బావురుమన్నాడు. ఎపిసోడ్లంటే ఏమో హాల్లో ఎవరికీ అర్థం కాలేదు గానీ, మందుల షాపాయనకు కూడా బాగా కావాల్సినోడే ఉన్నట్టుంది పాపం అని ఇద్దరు ముగ్గురు కొంగులు తడుపుకున్నారు. ఆ రోజు మా ఇంట్లో ఏస్ కోసం, అచ్చంగా ఏస్ కోసమే ఏడ్చింది ఆయనొక్కడే.

నేను గేటు తీసుకొని లోపలికి వచ్చింది ఆ క్షణంలోనే. చేతిలో ముప్పావు కిలో మటన్ కవరు. హాల్లో అందరూ నా ముఖం చూసినారు, తర్వాత కవరు చూసినారు. అంతమంది పెద్దోళ్ళు ఒకేసారి అసహ్యించుకోవడం ఎట్లుంటాదో నాకు అప్పుడు తెలిసింది.

నేను నోరు తెరిచే లోపల బయట అరుగు మీద ఎదురింటి మామ ఇంకొక పని చేసినాడు. బెంగళూరు అబ్బాయి నంబరు ఆయన దగ్గర ఎప్పటిదో ఉంది. ఫోన్ ఆసుపత్రి వాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో ఉంటుంది, శవాన్ని ఎప్పుడు తెస్తారో కనుక్కుందామని ఆ నంబరుకే చేసినాడు. అవతల "హలో మామా, బాగుండావా?" అని పోయినోడే పలికినాడు. మామ చేతిలోంచి ఫోను జారి అరుగు కింద పడింది. స్క్రీను పగిలింది. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా జరిగిన నష్టం అదొక్కటే.

తర్వాత మావాణ్ణి గదిలోంచి బయటికి లాగినాం. ఫోన్‌లో ఏస్‌ను చూపించినాడు. చొక్కా లేదు, తలకు టోపీ, మెడలో ఎర్రపూసలు. ఆ బొమ్మ చేతులు మారుకుంటా హాలంతా తిరిగింది.

"బొమ్మల్లో పోయినాడా?" అంది అత్త చాలాసేపటికి.

"బొమ్మల్లోనేలేమ్మా" అని మా అమ్మ అత్తను వదిలేసి మెడికల్ షాపన్న దగ్గరికి పోయి కూచుంది. "ముందే తెలిసిపోతే ఏమైంది నాయనా? మా చిన్నప్పుడు నిమ్మలకుంటోళ్ళు తోలుబొమ్మలాట ఆడితే, రావణాసురుడు చస్తాడని తెలిసి కూడా తెల్లారేదాకా కూచున్నాం. ఎట్ల చస్తాడో చూసేదానికే కదా పోయేది."

"రామాయణం వేరమ్మా" అన్నాడు అన్న, ముక్కు చీదుకుంటూ.

"ఏం వేరు? అవీ బొమ్మలే, ఇవీ బొమ్మలే."

అన్నకు జవాబు దొరకలేదు. నాకూ దొరకలేదు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. చావింటికి తెచ్చిన అన్నం తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు. క్యారియరు, చారు, పెరుగన్నం మేమే తినాల. దానికంటే పెద్దది, అత్త లేచి నిలబడి అడిగిన ప్రశ్న. "ఇప్పుడు నేను తలకు పోసుకోవాల్నా, వద్దా?"

ఆ పొద్దు మా వీధికి నీళ్ళు వచ్చే రోజు కాదు. డ్రమ్ములో ఉన్నదంతా సాయంత్రం దాకా సరిపెట్టుకోవాల. కాబట్టి ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. బావకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టినాం. బావ నవ్వడం ఆపి, గొంతు సవరించుకొని, "ఏస్ పుస్తకంలో పోయింది 2010లో, టీవీలో పోయింది 2011లో. ఇంతకాలానికి మైల ఏముంటాదత్తా?" అన్నాడు.

"ఏడాది దాటినాక చావు కబురు తెలిస్తే మైల ఉండదు గానీ, స్నానం ఉండాది" అంది మా అమ్మ. శాస్త్రం దగ్గర మా అమ్మ ఎవరికీ తగ్గదు.

"అది రక్తసంబంధీకులకు కదా వదినా?"

"రక్తసంబంధం లేకపోతే ఇంతమందిని వెంటేసుకొని వస్తావా?"

అత్తకు మాట పడిపోయింది. అప్పుడు మావాడు జమాతు చట్టం బయటికి తీసినాడు. కథ బయటపెట్టింది అత్త కాబట్టి బజ్జీలు ఆమే కొనాలంట. విషయం ఏందో విడమరచి చెప్పేటప్పటికి అత్త కోప్పడకుండా సరే అంది. స్నానం చేసి వచ్చి బజ్జీలకు పిండి కలుపుతాను, మటన్ కూడా ఎందుకు పాడుచేసుకోవాల, కూర చేసుకోండి అంది. గడప దాకా పోయి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"అవున్రా సామీ, అన్న పోయినాక ఆ చిన్నోడు ఏమైనాడు? బతికినాడా?"

మావాడు నోరు తెరిచినాడు. మెడికల్ షాపన్న రెండు చెవులూ మూసుకొని, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటి సందు మలుపు తిరిగినాడు. బీపీ మాత్రలు ఆయన జేబులోనే పోయినాయి.