కార్మా టు బర్న్ తొలి ఆల్బమ్‌లో ఆ గొంతు ఉండాల్సింది కాదు

కార్మా టు బర్న్ తొలి ఆల్బమ్ విన్న ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. ఆల్బమ్ బాగాలేక కాదు. 1997లో రోడ్‌రన్నర్ అనే రికార్డుల సంస్థ విడుదల చేసిన ఆ రికార్డు, దాన్ని వాయించినవాళ్లు వినిపించాలనుకున్న సంగీతం కాదన్నదే నా బాధ. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, మోర్గన్‌టౌన్ అనే ఊళ్లో, గిటారు, బేస్, డ్రమ్స్ చాలు, గాయకుడు అక్కర్లేదు అనుకుని మొదలైన మెటల్ (బరువైన రాక్ సంగీతం) బృందం అది. తీరా ఆల్బమ్ దాకా వచ్చేసరికి గాయకుణ్ణి పెట్టుకోవాల్సిందేనని సంస్థ పట్టుబట్టింది. కైయస్ బృందంలో పాడిన జాన్ గార్సియాతో ప్రయత్నించి చూశారు, అది కుదరలేదు. చివరికి మరొకరి గొంతుతో ఆల్బమ్ బయటికి వచ్చింది.

పాడిన వ్యక్తిని నేను తప్పు పట్టను. అప్పగించిన పనిని ఆయన శ్రద్ధగానే చేశాడు. కానీ గొంతు చేరగానే అక్కడ ఏం జరిగిందో చెవి పెట్టి వింటే తెలుస్తుంది. డిస్టార్షన్ (కావాలని గరుకుగా మార్చిన ధ్వని) నిండిన గిటారు, మనిషి గొంతు రెండూ దాదాపు ఒకే మధ్యస్థాయి ధ్వనుల్లో ఉంటాయి కాబట్టి, మాట స్పష్టంగా వినిపించాలంటే మిక్సింగ్‌లో గిటారు కాస్త వెనక్కి జరగక తప్పదు. ఏ బృందంలోనైనా ఇది మామూలే. అయితే చెప్పదలచుకున్నదంతా రిఫ్‌తోనే, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటారు వరుసతోనే, చెప్పే బృందంలో గిటారును వెనక్కి జరపడమంటే, కథ చెబుతున్న మనిషిని పక్కకు నెట్టి ఇంకొకరి చేత ఆ కథకు వ్యాఖ్యానం చెప్పించడమే. బృందం గిటారిస్టు విల్ మీకమ్ ఒక రిఫ్‌ను నాలుగుసార్లు వాయిస్తే, నాలుగోసారి బేస్ ఎక్కడ బరువు మార్చింది, డ్రమ్స్ ఏ దెబ్బను ఆలస్యం చేశాయి అన్నవే అందులోని మలుపులు. వాటి మీద చరణం, పల్లవి పరిచేసరికి ఆ మలుపులు వినపడకుండా పోయాయి.

ఇదే బృందం రెండో ఆల్బమ్‌ను ఒకసారి మా తమ్ముడికి వినిపించాను. రెండు నిమిషాలు ఓపికగా విని, ఫోన్ వైపు చూసి, "అన్నయ్యా, పాట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. రికార్డు చేసిన సంగీతాన్నంతా "పాట" అనే పిలిచే అలవాటు మనది. వీణ మీద త్యాగరాజ కృతి వాయిస్తున్నా, సాహిత్యం తెలిసిన శ్రోత దాన్ని లోలోపల పాడుకుంటూనే వింటాడు. కానీ అదే కచేరీలో తానం వాయిస్తున్నప్పుడు ఏ కృతి సాహిత్యమూ ఉండదు. అయినా సభలో ఎవరూ పాట ఎప్పుడని అడగరు. మాట లేని చోట ఏం వినాలో మన చెవికి తెలుసు, గిటారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మర్చిపోతాం. సంగీతాన్నే వ్యాపారంగా పెట్టుకున్న సంస్థ కూడా మా తమ్ముడి ప్రశ్నే అడిగి, దానికి జవాబుగా ఒక గాయకుణ్ణి తెచ్చి నిలబెట్టడాన్ని మాత్రం నేను క్షమించలేను.

తొలి ఆల్బమ్‌లోనే దీనికి రుజువు ఉంది. "ఎయిట్", "థర్టీన్" అని అంకెలే పేర్లుగా ఉన్న ట్రాకులు విని, వెంటనే గొంతు ఉన్న ఏ పాటైనా వినండి. మొదటివాటిలో బృందం ఊపిరి తీసుకుంటుంది, రెండోదానిలో అదే బృందం పాడే మనిషికి చోటిస్తూ ఒదిగి కూర్చుంటుంది. జాయ్ డివిజన్ అనే మరో బృందం నుంచి తీసుకుని వీళ్లు మళ్లీ చేసిన పాట "ట్వంటీ ఫోర్ అవర్స్"ను మాత్రం మినహాయిస్తాను, ఎందుకంటే ఆ మాటలు మొదటి నుంచీ ఆ పాటవే.

1999లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో గొంతు లేదు, ట్రాకులకు అంకెలు తప్ప పేర్లూ లేవు. దాన్ని మొదలుపెట్టే "ట్వంటీ" వింటే, రెండేళ్ల ముందే ఈ బృందాన్ని ఇలా వినే అవకాశం మనకు ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. గొంతు అంటే వాళ్లకు పగ ఏమీ లేదు. 2010 నాటి ఆల్బమ్‌లో తమంతట తామే ఒకరిని పిలిచి పాడించుకున్నారు, అక్కడ నాకు ఏ అభ్యంతరమూ లేదు. తమకు కావాలని పిలవడం వేరు, షరతుగా నెత్తిన పెట్టడం వేరు.

2021లో మీకమ్ కన్నుమూశాడు. అప్పటి నుంచి ఆయన పేరు విని కొత్తగా వెతికేవాళ్లలో చాలామంది, వరుసగా వినాలన్న మంచి ఉద్దేశంతోనే, తొలి ఆల్బమ్‌తో మొదలుపెట్టి, ఇది మామూలు హార్డ్ రాక్ బృందమే కదా అనుకుని వెళ్లిపోతున్నారేమోనని నాకు దిగులు. దయచేసి 1999 దానితో మొదలుపెట్టండి. తొలి ఆల్బమ్‌లోంచి ముందు "ఎయిట్", "థర్టీన్" మాత్రం వినండి, మిగతావి తర్వాత తీరిగ్గా వినవచ్చు.