డిసెంబరు పేజీలో మంచు దేనికి?

బుల్లెట్ జర్నల్ అంటే చెయ్యాల్సిన పనులు, రోజువారీ సంగతులు చిన్న గుర్తులతో చేత్తో రాసుకుంటూ, నెలనెలా పేజీలు వేసుకునే నోట్‌బుక్. అది వేసే మన హైదరాబాదు పిల్లల పేజీలు చూస్తే ఆ పనితనానికి ముచ్చటేస్తుంది, వేసిన బొమ్మలకి మాత్రం మనసు చివుక్కుమంటుంది. అక్టోబరు అనగానే గుమ్మడికాయ దయ్యాలు, డిసెంబరుకి మంచు, ఏప్రిల్‌కి చెర్రీ పూలు. ఏప్రిల్లో మనింట్లో ఉండేవి మామిడికాయలు, ఆవకాయ జాడీలు. అవి పేజీలోకి ఎందుకు రావు?

అసలు బొమ్మలే దండగ అనేవాళ్లూ ఉన్నారు. 2013లో ఈ పద్ధతిని బయటపెట్టిన న్యూయార్క్ డిజైనర్ రైడర్ క్యారల్ చెప్పింది చాలా సాదా సంగతే: పనికి చుక్క, ఈవెంట్‌కి సున్నా, నోట్‌కి చిన్న గీత. అయిపోయిన పనికి ఇంటూ, మిగిలిపోయినదానికి బాణం గుర్తు వేసి వచ్చే నెలకి. పని నడవడానికి అది చాలు, ఒప్పుకుంటాను. కానీ వాకిట్లో కళ్లాపి చల్లితే చాలదా, చుక్కల ముగ్గు దేనికి అని మనవాళ్లెవరైనా అడిగారా?

జులై పేజీనే తీసుకోండి. ఆషాఢం బోనాలు గోల్కొండలో మొదలై, లష్కర్ (సికింద్రాబాదు), లాల్‌దర్వాజా దాకా సాగుతాయి. పేజీ అంచున బోనం కుండ, పసుపు కుంకుమ బొట్లు, మీద దీపం, చుట్టూ వేపాకులు. వేపాకుని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి: అంచంతా నొక్కులు, ఈనెకి ఒక పక్క వెడల్పు, రెండో పక్క సన్నం. ఆ తేడా గీతలో పట్టుకుంటే ఆకు నిజంగా వేపాకైపోతుంది. ఇది ఏ వీడియోలోనూ దొరకదు, వీధి చివర చెట్టుకి దొరుకుతుంది. నాంపల్లి నుమాయిష్ (ఏటా జరిగే ఎగ్జిబిషన్) మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు, అంటే 46 రోజులు. 46 గళ్లతో జెయింట్ వీల్ గీసి రోజుకో గడి నింపితే అంతకన్నా మంచి హ్యాబిట్ ట్రాకర్, అదే, ఒక అలవాటు రోజూ పాటించామో లేదో చూసుకునే పట్టిక, ఏముంటుంది?

ఇక అక్షరాలు. ఎంత బాగా వేసేవాళ్లైనా హెడ్డింగ్ దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషే. కుంచెలాంటి మెత్తటి మొన ఉండే బ్రష్ పెన్ సూత్రం ఏ భాషకైనా ఒకటే, కిందికి దిగేటప్పుడు నొక్కాలి, పైకి లేచేటప్పుడు వదలాలి. మన అక్షరాల్లో నిలువు గీతలు తక్కువ, అన్నీ వంపులే. అందుకే ఒక్క వంపులోనే లావు సన్నంగా, సన్నం మళ్లీ లావుగా మారుతుంది. మొదట్లో చెయ్యి వణుకుతుంది, నిజమే. కానీ 'శ్రావణం' అని ఒక్కసారి కుదిరితే ఆ పేజీ తిప్పబుద్ధి కాదు!

కాయితం మాత్రం మందంగా ఉండాలి. పల్చటి నోట్‌బుక్‌లో బ్రష్ పెన్ ఇంకు వెనక పేజీకి దిగిపోతుంది. ఈ నెల ఎవరైనా తెలుగులో పేజీ వేస్తే కింద కామెంట్లలో ఫొటో పెట్టండి, చూడాలని చాలా ఆశగా ఉంది.