కాలువ కట్టేసిన నెలలో కాలేజీకి సెలవులు

పర్యావరణం పేపర్ రికార్డులు దిద్దడానికి కూర్చున్న ప్రతిసారీ నాకో అనుమానం వస్తుంది, కోనసీమ మొత్తానికి ఒక్కటే చెరువు ఉందేమోనని. నలభై రికార్డులు తిరగేస్తే అన్నింట్లోనూ అదే చెరువు, అవే కప్పలు, కప్పను మింగే అదే పాము, పాము మీద వాలే అదే గద్ద. పాత బ్యాచ్ రికార్డు చేతులు మారి వస్తుందన్నమాట. ఓసారి ఒక అబ్బాయిని అడిగాను, "ఈ చెరువు ఎక్కడుందిరా?" అని. "జిరాక్స్ షాపులో సార్" అన్నాడు పక్కవాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ పేపర్ ఊరికే రాలేదు. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువుల్లో తప్పనిసరి చేయమంది. అది సరిగా అమలు కావడానికి 2003లో మళ్లీ అదే కోర్టు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అప్పుడు యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ ఇచ్చిన ఆరు నెలల సిలబస్‌లో 50 క్లాసులు, వాటిలో 5 ఫీల్డ్ వర్క్‌కి. నూరు మార్కుల్లో 25 కూడా దానికే. డిగ్రీలో ఏ గ్రూపు వాళ్లయినా చదవాల్సిందే. అంటే బీఏ, బీకాం, బీఎస్సీ పిల్లలు కలిసి ఊరి మురుగు కాలువ గట్టు ఎక్కడానికి ఇరవై ఏళ్ల కిందటే అనుమతి దొరికింది. మనం వాళ్లను జిరాక్స్ షాపుకి పంపాం.

ఇప్పుడు సస్టెయినబిలిటీ (నేలనీ నీటినీ రేపటికీ మిగుల్చుకోవడం) కోసం విభాగాలన్నీ కలిసి పనిచేయాలన్న మాట సెమినార్ బ్యానర్ల మీద బాగా కనిపిస్తోంది. ఆ మాట వినగానే యూనివర్సిటీలకు తోచేది ఒక కొత్త సెంటర్, దానికో డైరెక్టర్, ఒక ఏసీ గది. నాకు మాత్రం, గోదావరి డెల్టాలో వీళ్లు కలవాలంటే డ్రెయిన్ (మురుగు కాలువ) గట్టు మీద కలవడమే దారి అనిపిస్తుంది.

ఇక్కడ నీళ్లు తెచ్చే కాలువకున్న గౌరవం నీళ్లు తీసే కాలువకు లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలున్నాయి, పెట్టాలి కూడా. కానీ డెల్టా మురుగు సమస్యను 1960ల్లోనే తరచి చూసిన మిత్రా కమిటీ పేరెత్తితే "ఏ మిత్రా?" అంటారు. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్చకుండా క్రాప్ హాలిడే అన్నప్పుడు గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు ముంపు బాధ కూడా చెప్పారు.

రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట కొబ్బరి చెట్లు మొవ్వు ఎండి మోడులుగా నిలబడ్డాయి. దీని గురించి ఎవరినడిగినా ఒకటే మాట: ఉప్పునీరు. నిజమే. కానీ కొబ్బరి కొంత ఉప్పుకి ఓర్చుకునే చెట్టు. ఆ నీరు వచ్చి పోకుండా నిలిచిపోతే వేరుకి ఊపిరాడదు. మరి ఎందుకు నిలుస్తుంది? వాలు ఎంత, పూడిక ఎంత, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడిందన్నది సివిల్ ఇంజినీరు కొలిచి చెప్పాలి. సముద్రపు పోటు అంత లోపలికి ఎందుకు ఎక్కుతోందన్నది జియాలజీ వాళ్ల పని. ఎగువన డ్యాములు ఒండ్రుని పట్టేయడంతో డెల్టాకు కొత్త మట్టి రావడం తగ్గింది. ప్రపంచ డెల్టాల మీద 2009లో వచ్చిన ఒక అధ్యయనం కుంగుతున్నవాటిలో గోదావరినీ లెక్కేసింది. గట్టు పక్క వరిచేను రొయ్యల చెరువు ఎందుకైంది? ఆ 2009లోనే మన దేశంలో వెనామీ రకం రొయ్య సాగుకి అనుమతి వచ్చింది, దాంతో ఎకరం లెక్కే మారిపోయింది. ఈ ప్రశ్న ఎకనామిక్స్‌ది. చెరువు తవ్వించింది భూమి యజమాని, పక్క చేలో ఉప్పు ఊరి నష్టపోయింది కౌలురైతు. అతని పేరు ఏ కాగితం మీద ఉంది, పరిహారం ఎవరి ఖాతాలో పడుతుంది? ఇది లా చదివినవాళ్లు తేల్చాలి.

తెలుగు, చరిత్ర విభాగాలకు ఇందులో పనేముంది అంటారేమో. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ, అష్టమి నవములకు తక్కువ అని మత్స్యకారులకు తెలుసు. ఏ గాలికి ఏ తూము మూయాలో లాకుల దగ్గర నీళ్లు చూసుకునే పాత లస్కర్లకు తెలుసు. వాళ్లు రిటైరైపోతున్నారు. రాసుకునేవాళ్లు లేరు.

లెక్కలు కలిపితే ఏమవుతుందో మనకు ఒకసారి రుచి తెలిసింది. తీర ప్రాంత రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ ఇచ్చిన నివేదికను అందులో కోర్టు ముందు పెట్టుకుంది. రొయ్యలమ్మితే వచ్చే డబ్బు ఒక పక్క, పాడైన పొలం, తాగునీరు, మడ అడవి, పోయిన ఉపాధి మరో పక్క వేసి తూచితే నష్టమే ఎక్కువని తేలింది. తర్వాత 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కథను వేరే దారి పట్టించింది, అది వేరే సంగతి. ఇక్కడ నన్ను గుచ్చేది ఒక్కటే: మన తీరం లెక్క నాగ్‌పూర్ నుంచి వచ్చింది. రాజమహేంద్రవరం, కాకినాడ, తాడేపల్లిగూడెం చుట్టూ ఇప్పుడు ఇన్ని యూనివర్సిటీలున్నాయి కదా, ఇవాళ అలాంటి కేసు పడితే మన దగ్గర పదేళ్ల ఉప్పు కొలతలున్న నోటుబుక్కు ఒకటైనా దొరుకుతుందా?

ఒక్క విభాగం చేసిన గొప్ప పని ఎక్కడ ఆగుతుందో మార్టేరు వరి పరిశోధన కేంద్రం చెబుతుంది. అక్కడి నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, మన రైతు నోట ఎంటీయూ 7029, దేశమంతా పాకింది. దానికి ఒడిశా నాటు రకం నుంచి ముంపుని తట్టుకునే జన్యువు చేర్చి 2009లో స్వర్ణ సబ్-1 తెచ్చారు. రెండు వారాల మునకకి అది ఓర్చుకుంటుంది. అయితే ఆ ఓర్పు పైరు ఎదిగే దశలో. కోనసీమని 1996 నవంబరు 6న తుపాను కొట్టింది పంట ఇంటికొచ్చే వేళకి. పడిపోయిన చేనుకి జన్యువు ఏం చేస్తుంది? అప్పుడు కావాల్సింది నీరు లాగే డ్రెయిన్. విత్తనం ఒక శాఖది, డ్రెయిన్ ఇంకో శాఖది, ఇద్దరి మధ్య పాఠం చెప్పాల్సిన మనం వేరే వేరే బిల్డింగుల్లో ఉన్నాం.

ఎందుకు కలవం అంటే లెక్చరర్లను తిట్టి లాభం లేదు. ప్రమోషన్‌కి పేపర్లు కావాలి, ఆ పేపర్లు ఎక్కువగా సొంత సబ్జెక్టు జర్నల్‌లోనే వస్తాయి. ఏడేళ్లు ఒకే డ్రెయిన్ నీటి ఉప్పు కొలిచినవాడికి మార్కులేమీ పడవు. ఈ ఒక్క నిబంధన మార్చకుండా ఎన్ని సెంటర్లు తెరిచినా రిబ్బన్ కటింగే మిగులుతుంది.

చేయాల్సింది చాలా చిన్నది. ప్రతి కాలేజీ ఒక డ్రెయిన్‌ని తీసుకోవాలి. వారానికోసారి అదే చోట, అదే వేళకి నీటి ఉప్పు, మట్టం, గట్టు మీద ఏం మారిందీ రాయాలి. ఆ 25 మార్కులు దీనికే ఇవ్వాలి. నోటుబుక్కు కాలేజీదే, పిల్లలు మారుతుంటారు. మట్టిలో ఉప్పు మీటరుకి 3 డెసీసీమెన్లు (ఉప్పుని కొలిచే ప్రమాణం) దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుందని పాఠంలో బట్టీ పట్టేవాడు, తమ చేలో అది 5 చూపించిన రోజు ఇంటికెళ్లి నాన్నతో ఏదో ఒకటి మాట్లాడతాడు.

దీనికి ఇంకో అడ్డం మా క్యాలెండర్. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లకి డ్రెయిన్లు పొంగే వేళ సెమిస్టర్ పరీక్షల టెన్షన్. ఏప్రిల్‌లో దాళ్వా (రబీ వరి) అయ్యాక కాలువలు కట్టేస్తారు. కాలువ అడుగు, పూడిక, తూముల పగుళ్లు, ఎవరి పైపు ఎక్కడొచ్చి కలుస్తోందో కంటికి కనిపించేది అప్పుడే. సరిగ్గా అప్పుడు వేసవి సెలవులు.

ఈసారి సెలవుల్లోనే ఓ పదిమందిని తీసుకెళ్దామనుకున్నాను. ఇద్దరు బీకాం వాళ్లు కూడా పేర్లిచ్చారు. ఉప్పు కొలిచే చేతి మీటరు మామూలు మొబైల్ ఫోన్ కంటే చవక. దాన్ని కెమిస్ట్రీ బడ్జెట్‌లో కొనాలా, బోటనీ బడ్జెట్‌లో కొనాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.