బురద ఉందని ఫిర్యాదు

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవికి వెళ్లొచ్చినవాళ్లు ఫోన్లో రాసే అభిప్రాయాల్లో ఒక రకం ఉంది. "డబ్బు దండగ. జంతువుల్లేవు. అంతా బురదే." పక్కన ఒకే ఒక్క స్టార్. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు ఉప్పునీటిలో కలిసేచోట, 1978లో అభయారణ్యంగా ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల మడ అడవిలో బురద ఉందని వీరు కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకోకుండా లోకాన్ని హెచ్చరించారు కూడా. ఇంతటి పరిశోధకుల గోడు ఎవరికీ పట్టకపోవడం దారుణం కనుక, ఈ వారం వారి తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాం.

ముందుగా వారి ముహూర్తబలాన్ని మెచ్చుకోవాలి. మే నెల, ఆదివారం. రోహిణి కార్తె కలిసొస్తే మరీ శ్రేష్ఠం. కాకినాడలో టిఫిన్, కాజాల కొట్టు దగ్గర అరగంట, యానాం రోడ్డెక్కి చొల్లంగి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. సముద్రపు తేమకు పట్టిన చెమట ఆరదు, చెట్ల నడుమ చెక్కదారిలో గాలి ఆడదు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉండాల్సిన చోట నలుగురికి కలిపి ఒక కూల్‌డ్రింక్ సీసా. వలస పక్షులంటారా, చలికాలమంతా ఇక్కడే ఉండి ఎండలు ముదరకముందే వెళ్లిపోయాయి. ఫలానావారు మేలో బయల్దేరుతున్నారని వాటికి కబురు పెట్టిన నాథుడు లేడు.

ఇక అటవీశాఖ చేయాల్సిన ఏర్పాట్లు. మొట్టమొదట సముద్రానికి మెమో ఇవ్వాలి. రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు తీయడం) పెడుతున్నదే గానీ దాని హాజరు ఏం బాగాలేదు. ఇవాళ పదింటికి పోటు వస్తే రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యం, ఎల్లుండి మరో యాభై. ఇలాగే వచ్చే గుమాస్తాను మనం ఊరుకుంటామా? సంజాయిషీ అడిగితే చంద్రుడి మీదకు తోస్తుంది. పైగా అమావాస్యకూ పౌర్ణమికీ ఒళ్లు విరుచుకుని పొంగడం. మన పర్యాటకుల కోరిక చాలా చిన్నది: పడవ తిరగడానికి కాలవ నిండా నీళ్లుండాలి, అదే సమయంలో పీతలు కనబడేలా బురద తేలి ఉండాలి. చెప్పులకు మాత్రం అంటకూడదు.

తరువాత బావురుపిల్లి. ఈ ఉద్యోగి రాత్రిళ్లు కాలవ గట్టున కాపు కాసి చేపలు పట్టుకు తిని, పగలు పొదల్లో పడుకుంటుంది. వెంటనే డే షిఫ్టుకు మార్చాలి. సరిగ్గా పన్నెండూ ముప్పావుకు చెక్కదారి మూడో మలుపు దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టి, కెమెరా వైపు ఒక చూపు చూసి, నీళ్లలోకి దూకాలి. చేప చిన్నదైతే చెల్లదు. మొదటిసారి దూకినప్పుడు బాబాయి సెల్ఫీలో ఉన్నాడు గనక రెండోసారి దూకాలి. పిన్ని ఫోన్లో స్టోరేజీ నిండింది గనక మూడోసారి. ఇదంతా చంకలో బ్లూటూత్ స్పీకర్ హోరెత్తుతుండగా, జడవకుండా చేయాలి. చివర్లో పిల్లవాడు "పులి ఏది?" అని ఏడిస్తే, బావురుపిల్లే ఏదో సర్దుబాటు చేసుకుని కాస్త పెద్దదిగా కనబడాలి. నీటికుక్కలు రిజర్వు సిబ్బందిగా పక్కన సిద్ధంగా ఉండాలి.

చెట్లకూ క్రమశిక్షణ నేర్పాలి. మడ అడవిలో తిల్ల అని ఒకటుంది. కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారతాయి, ఒంటికి తగిలితే బొబ్బలు, కంట్లో పడితే కొన్నాళ్లు చూపు మందగించడమే కాదు, పోవచ్చు కూడా. ఫొటోకు అడ్డొచ్చిందని కొమ్మ విరిచిన పెద్దమనిషి మీద ఇలా పాలు చిమ్మడం ఆతిథ్యం అనిపించుకోదు. ఉప్పుపొన్నదీ ఇదే వరస. దాని కాయ చెట్టుకు వేలాడుతుండగానే మొలకెత్తి, కిందపడి బురదలో నిలువునా నాటుకుంటుంది. అట్లాంటివాటిని గుప్పెళ్లతో తెంపి ఎవరు దూరం విసురుతారో చూద్దామని పందెం కాసే కుర్రాళ్లను ఆపడానికి గార్డు వస్తే, "కాయలే కదా" అంటారు. కాయలే. పదేళ్లాగితే చెట్లు.

తెల్లమడ చుట్టూ బురదలోంచి పుల్లలు నిలబడి ఉంటాయి. "ఎవరో గుచ్చారు" అనుకుని తొక్కుకుంటూ పోయేవాళ్లున్నారు. అవి శ్వాసవేళ్లు. ఆ బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. పాటుకు నీరు తీసినప్పుడు ఆ వేళ్ల మీది సన్నటి రంధ్రాల గుండానే చెట్టు గాలి పీల్చుకుంటుంది. మీరు విసిరిన చిప్స్ కవరు పోటుకు తేలి లోపలికి పోతుంది, వేళ్లకు చిక్కుకుంటుంది, పాటుకు బయటకు రాదు. దాని మీద ఒండ్రు పేరుతుంది. కవరు కిందపడ్డ వేరుకు గాలి ఆగిపోతుంది. అలాంటివి వందలు చేరితే చెట్టు నిలబడ్డచోటే ఎండుతుంది. అయిదు రూపాయల ప్యాకెట్టు! తిన్న చేత్తో జేబులో పెట్టుకుంటే జేబు చిరుగుతుందా? బీరుసీసా పగలగొట్టి బురదలో పారేసిన వీరుడా, రేపు ఆ బురదలోకి ఒట్టికాళ్లతో దిగి మండపీతలు పట్టేది నువ్వు కాదు. గాజుపెంకు దిగిన కాలితో నెలరోజులు వేట మానుకునేదీ నువ్వు కాదు. నువ్వు "ఏమీ లేదు" అని రాసేసి పోతావు.

ఏమీ లేదా? ఓడలు కట్టి, సరుకులెత్తి బతికిన కోరింగ రేవు 1839 నవంబరు తుపానుకు తుడిచిపెట్టుకుపోయింది. అంతకు యాభై ఏళ్ల ముందు, 1789లోనూ ఉప్పెన ముంచింది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుపాను తీరం దాటినప్పుడు వేటకెళ్లినవాళ్లు ఎంతమంది తిరిగి రాలేదో ఇక్కడి మత్స్యకారుల ఊరు భైరవపాలెం వెళ్లి అడగండి. ఎగసివచ్చే కెరటం ఊరి మీద పడేలోపు దాని జోరును విరిచేవి ఈ వేళ్లూ ఈ కొమ్మలే. మీకు బోరు కొట్టిన ఈ చెట్ల వెనకాలే ఊళ్లున్నాయి.

సరే, చూడాలన్న బుద్ధి పుట్టినవారికి: డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే వెళ్లండి. ముందురోజే కాకినాడ పోటుపాట్ల వేళలు చూసుకోండి. పాటుకు చెక్కదారి మీద కదలకుండా పది నిమిషాలు నిలబడితే చాలు, ఒక కొండి పెద్దదిగా ఉండే ఒంటిడెక్క పీతలూ బురద మీద గెంతే చేపలూ వాటంతటవే బయటికొస్తాయి. పడవకైతే పోటు వేళ. వేసవిలోనే కుదురుతుందంటే గేటు తీసేసరికి అక్కడుండి ఎండెక్కకముందే బయటపడండి. స్పీకరు కారులోనే ఉండనివ్వండి, దానికి అడవి చూడాలని లేదు.

మన పన్నెండున్నర బృందం ఇవేవీ వినదు. ఒంటిగంటన్నరకు బయటికొచ్చి రోడ్డు పక్క భోజన హోటల్లో కూర్చుని పులస పులుసు అడుగుతుంది. పులస గోదావరికి ఎర్రనీరు తగిలాక, జులై తరువాత సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప. మేలో అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర, మోటారు పడవలకు సముద్రంలో వేటే నిషేధం. అయినా అడిగింది పులస గనక, పులస రేటుకే ప్లేట్లో ఏదో చేప వచ్చింది. "ఇదండీ అసలైన గోదావరి రుచి" అంటూ బాబాయి లొట్టలేశాడు. హోటలాయన కాదనలేదు.