బ్యాటరీ ఒక్క గీత ఉంటే ఫోన్ ఎత్తకూడదా?

"బ్యాటరీ అయిపోయేటప్పుడు ఫోన్ ఎత్తకండి, రేడియేషన్ వెయ్యి రెట్లు పెరుగుతుంది. అది మెదడు కణాల్లో డీఎన్ఏను తెంపేస్తుంది. క్యాన్సర్ వస్తుందని డబ్ల్యూహెచ్ఓనే ఒప్పుకుంది. ఎలుకల మీద రుజువైంది. వెంటనే యాంటీ రేడియేషన్ స్టిక్కర్ అంటించుకోండి." ఏళ్ల తరబడి ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. చదివి టెన్షన్ పడేది ఇంట్లో పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు. అందుకే ఒక్కో మాటా విప్పి చూడాలి.

ఫోన్ ఎంత పవర్‌తో సిగ్నల్ పంపాలో తేల్చేది టవర్, బ్యాటరీ కాదు. సిగ్నల్ బాగుంటే ఫోన్ పవర్ తగ్గిస్తుంది. లిఫ్టులోనో ఊరి చివరో సిగ్నల్ పడిపోతే పెంచుతుంది. ఎంత పెంచినా మామూలు 4జీ ఫోన్‌కు గరిష్ఠం సుమారు 0.2 వాట్లే. స్టిక్కర్ సంగతీ ఇక్కడే తేలిపోతుంది. అది నిజంగా తరంగాలను అడ్డుకుంటే ఫోన్ ఇంకా పవర్ పెంచాల్సి వస్తుంది. అడ్డుకోకపోతే డబ్బు దండగ.

ఇక డీఎన్ఏ. అణువుల బంధాలు తెగాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలమానం) శక్తి కావాలి. ఎక్స్‌రేలకు అది పుష్కలంగా ఉంది. సెల్ తరంగాల్లో ఒక్కో ఫోటాన్‌కు, అంటే ఒక్కో శక్తి పొట్లానికి, ఉండేది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో సుమారు లక్షో వంతు. అలాగని కణాల మీద ఏ ప్రభావమూ లేదనకూడదు, కొద్దిగా వేడెక్కుతాయి. ఆ వేడి హద్దు దాటకుండా ఉండేందుకే మన దేశంలో 2012 సెప్టెంబర్ నుంచి ఫోన్ల సార్ విలువ (శరీరం పీల్చుకునే తరంగాల శక్తి) కిలో కణజాలానికి 1.6 వాట్లు మించకూడదన్న నియమం ఉంది. 2011లో అమెరికాలో శాస్త్రవేత్త నోరా వోల్కో బృందం 47 మంది చెవుల దగ్గర 50 నిమిషాలు ఫోన్ ఉంచి స్కాన్ చేసింది. యాంటెన్నా పక్కనున్న మెదడు భాగంలో గ్లూకోజ్ వాడకం సుమారు 7 శాతం పెరిగింది. అది మార్పే, కానీ కణాలు చచ్చిపోవడం కాదు.

డబ్ల్యూహెచ్ఓకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2011లో ఈ తరంగాలను 2బి జాబితాలో పెట్టిన మాట నిజం. "క్యాన్సర్ కారకం కావచ్చు, ఆధారాలు పరిమితం" అని దాని అర్థం. కలబంద ఆకు సారం కూడా అదే జాబితాలో ఉంది. డబ్ల్యూహెచ్ఓ చేయించిన సమీక్ష ఒకటి 2024లో వచ్చింది. అందులో 63 పరిశోధనలను జల్లెడ పడితే, పదేళ్లకు పైగా ఫోన్ వాడినవాళ్లలోనూ మెదడు క్యాన్సర్‌తో సంబంధం కనబడలేదు. మెసేజ్‌లో ఈ ముక్క మాత్రం ఉండదు.

ఎలుకల ప్రయోగాన్ని కొట్టిపారేయను. విషప్రభావాలను పరిశోధించే అమెరికా జాతీయ టాక్సికాలజీ విభాగం 2018లో తుది నివేదిక ఇచ్చింది. మగ ఎలుకల గుండెల్లో కణితులు నిజంగానే కనిపించాయి. కానీ వాటికి రోజుకు 9 గంటల చొప్పున రెండేళ్లు, ఒళ్లంతా, కిలోకు 6 వాట్ల దాకా తరంగాలు తగిలించారు. మనుషులకు ఒళ్లంతటికీ అంతర్జాతీయ పరిమితి కిలోకు 0.08 వాట్లు. ఆడ ఎలుకల్లో, చిట్టెలుకల్లో స్పష్టమైన ఫలితం రాలేదు. పైగా తరంగాలు తగిలిన మగ ఎలుకలు తగలనివాటికన్నా ఎక్కువ కాలం బతికాయి! దీన్ని పట్టుకుని మనిషికి క్యాన్సర్ ఖాయమని రాయడం అన్యాయం.

ఇంకా భయంగా ఉంటే స్పీకర్ ఆన్ చేయండి, లేదా వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. తలకు ఒక జానెడు దూరం జరిగినా తీవ్రత బాగా పడిపోతుంది. దానికి పైసా ఖర్చు కూడా లేదు.