బ్యాంకుకు తెలిసిన సంగతిని ఏఐ ఏజెంటు ఊహించడమెందుకు?

నెలనెలా ఖాతాలోంచి ఎవరెవరికి ఎంత పోతోందో చెప్పమని అడిగితే ఏఐ ఏజెంటు (మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ప్రోగ్రాము) ఇప్పుడు స్టేట్‌మెంటు అంతా చదవనక్కర్లేదు. పదేపదే వచ్చే లావాదేవీలను మాత్రమే ఏరి ఇచ్చే టూల్‌ను, అంటే ఆ ఒక్క పని కోసం రాసిన కోడ్‌ను, పిలిస్తే సరిపోతుంది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను (ఏఐ మోడళ్లను బయటి టూల్స్‌తో కలిపే ఉమ్మడి ప్రమాణాన్ని) విడుదల చేశాక ఇలాంటి టూల్స్‌ను ఏజెంట్లకు జోడించడం సులువైంది కూడా. వందల పద్దులను భాషా మోడల్ చేత కూడికలు చేయించడం కంటే, ఎప్పుడు నడిపినా ఒకే ఫలితం ఇచ్చే కోడ్‌కు ఆ పని అప్పగించడం ఎంతో మేలు. అయితే ఆ టూల్ ఇచ్చే జాబితా కేవలం ఒక అంచనా. ఖాతాదారుకు హక్కుగా దక్కవలసిన రికార్డు దక్కకపోవడం వల్లనే ఆ అంచనా అవసరమవుతోందన్నది నా వాదన.

బ్యాంకు ఖాతాల వివరాలను యాప్‌లకు చేరవేసే ప్లెయిడ్ సంస్థ ఇచ్చే ఏపీఐనే (ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును సమాచారం అడిగే మార్గాన్ని) తీసుకుందాం. ఒకరికే, దాదాపు సమాన వ్యవధిలో, దగ్గరదగ్గర మొత్తాల్లో వెళ్లే చెల్లింపులను అది ఒక 'స్ట్రీమ్'గా కూర్చి, సగటు మొత్తం, చివరి మొత్తం, తొలి తేదీ, చివరి తేదీ జతచేసి ఇస్తుంది. కనీసం మూడు పద్దులు క్రమంగా కనిపిస్తేనే దానిని 'మెచ్యూర్'గా, అంటే రూఢి అయినదిగా, గుర్తిస్తుంది. ఏడాదికోసారి వచ్చే వాటికి రెండు చాలు. ఆ స్థాయికి చేరనిది 'ఎర్లీ డిటెక్షన్', అంటే తొలిదశ గుర్తింపు. అంటే తన నమ్మకం ఎంతవరకో టూల్ దాచకుండా చెబుతోంది. ఏజెంటు ఆ ఫలితాన్ని ఒక వాక్యంగా మార్చే చోట ఈ తేడా సులువుగా జారిపోతుంది. "మీకు ఆరు చందాలు (సబ్‌స్క్రిప్షన్లు) ఉన్నాయి" అన్న జవాబులో, వాటిలో రెండు ఇంకా రూఢి కాలేదన్న సంగతి కనిపించదు.

ఊహ ఎక్కడ తప్పుతుందో స్టేట్‌మెంటును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఆరు నెలల చరిత్ర మాత్రమే చేతిలో ఉన్న టూల్‌కు ఏడాది చందా ఒక్కసారే కనిపిస్తుంది, లేదా అసలు కనిపించదు. అన్నిటికంటే సులువుగా మరిచిపోయేది ఆ చందానే. ఒకే యాప్ స్టోరు పేరుతో వసూలయ్యే నాలుగు వేర్వేరు చందాలు కలగాపులగమవుతాయి. నెలాఖరున కోసే మొత్తం ఒకసారి 31న, ఒకసారి 28న పడుతుంది. ధర పెరిగిన నెలలో పాత స్ట్రీమ్ ఆగిపోయి కొత్తది మొదలైనట్టు తోచవచ్చు. మరోవైపు, ప్రతి శనివారం ఒకే దుకాణంలో కొనే సరుకులు ఏ ఒప్పందమూ లేకపోయినా చందాల పక్కన చేరగలవు. అల్గారిథమ్‌ను ఎంత మెరుగుపరచినా ఈ చిక్కు పూర్తిగా తీరదు, ఎందుకంటే ఒప్పందం ఉందా లేదా అన్నది తేదీల్లోనూ అంకెల్లోనూ రాసి ఉండదు.

ఆర్థిక వివరాలను ఏజెంటుకు చూపడమే ప్రమాదమని కొందరంటారు. లావాదేవీ వివరణలో ఎవరైనా దురుద్దేశంతో చొప్పించిన వాక్యాన్ని మోడల్ ఆదేశంగా పొరబడవచ్చన్న భయం నిజమైనదే. టూల్‌కు చదివే అనుమతి తప్ప మరేమీ ఇవ్వకుండా, ఖాతాదారు ఎప్పుడైనా సమ్మతి ఉపసంహరించుకునే వీలు ఉంచితే ఆ ప్రమాదాన్ని చాలావరకు అదుపులో పెట్టవచ్చు.

అసలు ప్రశ్న వేరు. ఏ చెల్లింపు ఒప్పందం ప్రకారం వస్తోందో వ్యవస్థకు ముందే తెలుసు. 2017లో కార్డు నెట్‌వర్కు సంస్థ వీసా తెచ్చిన నిబంధనల ప్రకారం, కార్డు వివరాలు దాచుకొని వసూలు చేసే వ్యాపారి ఆ సంగతి తెలిపే సంకేతాన్ని లావాదేవీతో పాటు పంపాలి. అది కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. బ్రిటన్‌లో 2018లో మొదలైన ఓపెన్ బ్యాంకింగ్ (ఖాతాదారు సమ్మతితో బ్యాంకు సమాచారాన్ని ఇతర యాప్‌లకు ఇచ్చే పద్ధతి) ప్రమాణాల్లో డైరెక్ట్ డెబిట్లకు (అనుమతి తీసుకొని ఎదుటి సంస్థ ఖాతాలోంచి వసూలు చేసుకునేవి), స్టాండింగ్ ఆర్డర్లకు (క్రమంగా చెల్లించమని ఖాతాదారే బ్యాంకుకు ఇచ్చే ఆదేశాలు) విడివిడిగా ఎండ్‌పాయింట్లు, అంటే ప్రోగ్రాములు ఆ వివరాలు అడిగే చిరునామాలు, ఉన్నాయి. అక్కడ ఏజెంటు ఊహించవలసిన పని లేదు, అడిగి తెలుసుకోవచ్చు. కార్డు మీద నడిచే చందాలకూ అటువంటి జాబితా ఇవ్వడానికి సాంకేతికంగా అడ్డేమీ కనిపించదు. వ్యాపారికి తెలిసి, కార్డు నెట్‌వర్కుకు తెలిసి, బ్యాంకుకు తెలిసిన సంగతి, డబ్బు కట్టే మనిషి దగ్గరకు వచ్చేసరికి తేదీ, అంకె, అర్థంకాని అక్షరాల వరుసగా మిగలడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఈ లోపం ఎవరికి లాభమో కూడా చూడాలి. అమెరికా ఆర్థికవేత్తలు లిరాన్ ఐనావ్, బెంజమిన్ క్లోపాక్, నీల్ మహోనీ కార్డు లావాదేవీలను పరిశీలించి, కార్డు మారి చందాదారు మళ్లీ వివరాలు ఇవ్వవలసి వచ్చినప్పుడు రద్దులు ఒక్కసారిగా పెరుగుతున్నాయని చూపారు. వినియోగదారుల పరధ్యానం వల్ల అమ్మకందారుల రాబడి సేవను బట్టి 14 శాతం నుంచి 200 శాతానికి పైగా పెరుగుతోందని వారి అంచనా. మరుపు మీద ఇంత రాబడి నిలబడి ఉన్నప్పుడు, స్పష్టమైన జాబితాను తమంతట తాము అందించాలన్న తొందర అమ్మకందారులకు ఉండదు. అందుకే దీనిని సౌకర్యంగా వదిలేయకుండా నియంత్రణ సంస్థలు బాధ్యతగా విధించాలి: ఖాతాదారు ఇచ్చిన ప్రతి అనుమతి, దాని తేదీ, గరిష్ఠ మొత్తం, రద్దు చేసే మార్గం యంత్రం చదవగల రూపంలో బ్యాంకు ఇచ్చి తీరాలి.

అంతవరకు ఈ టూల్స్ తయారుచేసేవారు ప్రతి స్ట్రీమ్ పక్కన అది బ్యాంకు ధ్రువీకరించినదో, అల్గారిథమ్ ఊహించినదో చెప్పే గుర్తు తప్పనిసరిగా ఉంచాలి. దాని వెనుక ఉన్న పద్దుల తేదీలను కూడా పంపాలి. ఊహించిన దాని ఆధారంగా ఏజెంటు ఏ చందానూ రద్దు చేయకూడదు. ఆ తేదీలను ఖాతాదారు ముందుంచి, అది తనదేనా అని అడగాలి.